వీపు తిప్పి నేర్పిన నడక

"ఉరుకుతున్నవా పిల్లా, నడుస్తున్నవా?"

ఆ రోజుల్లో మాదాపూర్ నుంచి పుప్పాలగూడ దాకా నన్ను ఈ మాట అడగని మనిషి లేడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. "నడుస్తున్న, కనవడుతలేదా?" అని విసురుగా అనేదాన్ని. వాళ్ళు ఇంకా నవ్వేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ తప్పేమీ లేదు. పోటీ నడక అనే ఆట ఒకటి ఉందని అంతకు ముందు ఏడాది దాకా నాకే తెలియదు. చూసేవాళ్ళకు అది నడకలానూ ఉండదు, పరుగులానూ ఉండదు. చేతులు మోచేతుల దగ్గర మడిచి ఊపాలి. నడుము ఇటూ అటూ తిరగాలి. వేగం మాత్రం మామూలు మనిషి పరుగెత్తినంత ఉంటుంది.

నియమాలు రెండే. ఏ క్షణంలోనూ రెండు కాళ్ళూ గాలిలో ఉండకూడదు, ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. ఇది మొదటిది. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఇది రెండోది. ఈ రెండోదాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మా ముగ్గురి మెడకూ చుట్టుకున్నది అదే.

ఆ ముగ్గురిలో ఒకరు మా బడి డ్రిల్లు సారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి గచ్చిబౌలిలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కరే ఉండేవారు. పరుగుపందెంలో నన్ను చూసి, "నీది పరుగు కాదమ్మాయ్, నీకు నడక పనికొస్తుంది" అన్నారు. అది మెప్పో వెక్కిరింపో తెలియక ఆ పూటంతా ఆయన మీద మండిపడ్డాను. రెండో మనిషి మా నాయిన. నాలుగు బర్లు మేపి, వాటి పాలు మోపెడ్ మీద క్యాన్లతో ఇళ్ళకు పోసేవాడు. మూడోదాన్ని నేనే.

సారు సాయంత్రం మా ఇంటికి వచ్చి, పేరున్న ఆటగాళ్ళ కథలు చెప్పేవారు. పత్రికల్లోంచి కత్తిరించిన కాగితాలు చొక్కా జేబులో మడిచి తెచ్చేవారు. బరువైన సైన్యం బూట్లు వేసుకుని మంచులో పరుగెత్తిన ఒకాయన గురించి చెప్పారు. ఆయన కాళ్ళకు బలం రావాలని భార్యను వీపున ఎక్కించుకుని కూడా పరుగెత్తేవాడట. నాయిన అంతా విని, "పెండ్లాం ఏమనలేదా సార్?" అని అడిగాడు. ఆఫ్రికాలో ఎత్తైన కొండల మీద ఉండే పరుగు వీరుల గురించి చెప్పినప్పుడు మాత్రం అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"పొద్దునా సాయంత్రం మొక్కజొన్న పిండి ఉడకబెట్టుకుని తింటారండి. దాంతోనే ప్రపంచాన్నంతా ఓడిస్తున్నారు" అన్నారు సారు.

"అంటే గట్క గదా సార్! గట్క తిని గెలిచేటట్టయితె మా ఊరంత గెల్వాలె" అంది అమ్మ.

మర్నాటి నుంచి నాకు పొద్దున్నే జొన్న గట్క, మజ్జిగ. నాకు గట్క అంటే గొంతు దిగదు. ప్రపంచాన్ని ఓడించేవాళ్ళ తిండి నేను వద్దనే వీలు లేకుండా పోయింది. పచ్చి గుడ్లు తాగే ఒక మల్లయోధుడి సంగతి కూడా సారు చెప్పబోతుంటే ఆపమని కళ్ళతోనే బతిమాలాను. ఆయన నవ్వి ఆ కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

అంతా సజావుగానే సాగేది, ఒకరోజు ఆయన ఆ బొమ్మ తేకపోతే. ఎక్కడో విదేశంలో నడక పోటీ గెలిచిన ఒకామె బొమ్మ. పొట్టి నిక్కరు, చేతుల్లేని బనీను, నడుము ఒక పక్కకు బాగా వాలి ఉంది. నాయిన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను లోపలికి పొమ్మన్నాడు. నేను పోయి తలుపు వెనక నిలబడ్డాను.

"సార్, మీరు మంచోళ్ళు. బిడ్డ నడవాలె, మీరు నేర్పాలె. గని మీరు సూడొద్దు."

"చూడకుండా ఎలా నేర్పమంటారండీ?"

"గది నాకు తెల్వదు సార్. ఊర్ల నేను తలెత్తుకుని తిరగాలె గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాయిన మీదా, ఆ బొమ్మ తెచ్చిన సారు మీదా, నా నడుము మీదా కూడా. అంతలో అమ్మ నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి సారుకు ఇచ్చి రమ్మంది. విసవిసా నడిచి వాకిట్లోకి వెళ్ళాను. చిన్నప్పటి నుంచి నా కాళ్ళకు మువ్వల పట్టగొలుసులు ఉండేవి. సారు గ్లాసు అందుకోలేదు. తల పక్కకు వంచి నా కాళ్ళ చప్పుడు విన్నారు.

"ఆ గొలుసులు ఎప్పుడూ తీయకమ్మాయ్" అన్నారు.

అలా మొదలైంది మా విచిత్రమైన శిక్షణ. గుండ్రటి పెద్ద అద్దాల భవనం కట్టడం అయిపోతున్న రోజులవి. దాని ముందు వెడల్పాటి రోడ్డు వేశారు గాని ఆ రోడ్డు మీద తిరగాల్సిన కార్లు ఇంకా రాలేదు. రెండు పక్కలా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, కంకర మోసే లారీలు. తెల్లవారుతుండగా నాయిన పాల క్యాన్ల మధ్య నన్ను కూర్చోబెట్టుకుని అక్కడికి తెచ్చేవాడు. సారు అప్పటికే వచ్చి ఒక బండ మీద రోడ్డుకు వీపు తిప్పి కూర్చుని ఉండేవారు. నేను రోడ్డు మీద నడిచేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు.

ఆ వినడానికి ఆయన చెప్పిన లెక్క ఒకటుంది. మడమ నేలకు తగిలినప్పుడు మువ్వలు ఒకసారి మోగుతాయి. వెనక పాదం నేల వదిలినప్పుడు రెండో కాలి మువ్వలు మోగుతాయి. ఈ రెండు చప్పుళ్ళూ కలిసిపోతే నడక. మధ్యలో రవ్వంత ఖాళీ వచ్చిందంటే రెండు కాళ్ళూ గాలిలోకి లేచాయన్నమాట, అది పరుగు కిందే లెక్క. ఖాళీ వినపడగానే సారు వెనక్కి చూడకుండా చెయ్యి ఎత్తేవారు. నేను పళ్ళు నూరుకుంటూ మళ్ళీ సరిచేసుకునేదాన్ని. కొన్ని నెలలకు ఆ చెయ్యి లేవడం దాదాపు ఆగిపోయింది. మాట అంటే మాటే ఆయనకు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నాయిన అటు పోయి మోపెడ్ తుడుచుకుంటున్నప్పుడు కూడా తిప్పలేదు.

నాయిన పని లారీలను తరమడం. నా నడక చూసి డ్రైవర్లు వేగం తగ్గించి తలలు బయట పెట్టేవాళ్ళు. నాయిన చేతికర్రతో రోడ్డు మీదికి వచ్చి అరిచేవాడు. "ఏందిరా సూస్తున్నవ్? ముంగటికి సూసి నడుపు!" ఆ అరుపు వినపడితే నా చెవులు సిగ్గుతో కాలిపోయేవి. డ్రైవర్ల చూపు కన్నా ఆ అరుపే నాకు ఎక్కువ సిగ్గుగా ఉండేది.

సారు వీపు తిప్పే ఉండి అప్పుడప్పుడు అడిగేవారు. "మోకాలు నిటారుగా పడుతోందా?"

"పడుతోంది సార్" అనేదాన్ని. అబద్ధం కాదు, నాకు అలాగే అనిపించేది. అంత వేగంలో తల వంచి సొంత మోకాలు చూసుకోవడం కుదరదు. పైగా నాయిన పట్టుబట్టి కొన్న వదులు ప్యాంటు ఒకటి. అందులో మోకాలు ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

పోటీ దగ్గర పడింది. జిల్లా ఎంపిక అది, మొదటి ఇద్దరు ఆడపిల్లలను రాష్ట్ర శిబిరానికి పంపుతారు. ముందు రోజు గట్క ముందు కూర్చున్నప్పుడు నాయిన నెమ్మదిగా చెప్పాడు.

"బిడ్డా, నీ ఎంబడి తిరిగి పాలు ఆలస్యమైతున్నయి. చాయ్ ఏళకు పాలు రాకుంటె ఎవరాగుతరు? ఒక్కొక్కరు వేరే దిక్కు వెట్టుకుంటున్నరు. ఇది ఒక్కటి సూద్దాం. దీంట్ల పోకుంటె ఇగ బంద్."

కోపంగా చెప్పుంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. ఆయన బతిమాలుతున్నట్టు చెప్పాడు. గట్క ఎప్పటికన్నా ఎక్కువ తిన్నాను.

పోటీ ఆ రోడ్డు మీదే పెట్టారు, ఆదివారం పొద్దున. భవనం గేటు దగ్గర మొదలుపెట్టి, దూరాన పెట్టిన తారు డ్రమ్ము చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికి రావాలి, అలా చుట్లు తిరగాలి. దారి పొడవునా జడ్జీలు నిలబడతారు. నడక అనుమానంగా ఉంటే ముందు పలక చూపించి హెచ్చరిస్తారు. తప్పు ఖాయమనుకుంటే ఎర్ర చీటీ రాసి పంపుతారు. ముగ్గురు వేరువేరు జడ్జీలు ఎర్ర చీటీ రాస్తే పెద్ద జడ్జి ఎర్ర పలక చూపిస్తాడు, ఇక బయటికే. గేటు దగ్గర బోర్డు మీద ఎవరి అంకె పక్కన ఎన్ని ఎర్ర గీతలు పడ్డాయో అందరికీ కనపడుతుంది.

వరసలో నిలబడగానే ఒక జడ్జి నా దగ్గరికి వచ్చాడు. "మోకాళ్ళు కనపడాలమ్మా. ప్యాంటు పైకి మడువు."

మిగిలిన పిల్లలంతా నిక్కర్లలో ఉన్నారు. నేను వంగి ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచాను. ఓరకంట నాయిన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఈల మోగింది. మొదటి చుట్టులోనే నేను నాలుగో దాన్ని అయ్యాను, డ్రమ్ము తిరిగేసరికి మూడో దాన్ని. మువ్వలు ఎక్కడా ఖాళీ లేకుండా మోగుతున్నాయి. డ్రమ్ము దగ్గర సారు, నాయిన నిలబడి ఉన్నారు. మిగతా పిల్లల మాస్టార్లు రోడ్డు వైపు మెడలు చాచి చూస్తుంటే మా సారు ఒక్కరే రోడ్డుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నేను దాటుతుంటే బాగుందన్నట్టు తల ఊపారు. నాకు ధైర్యం వచ్చింది. రెండో పిల్లను కూడా దాటేశాను.

అప్పుడే ఒక జడ్జి పలక ఎత్తాడు. దాని మీద వంగిన గీత ఉంది. మోకాలు వంగుతోందని దాని అర్థం. నాకు ఒళ్ళు మండింది. చప్పుడు ఇంత బాగా వస్తుంటే వంకలు పెడుతున్నాడేమిటి అనుకున్నాను. గేటు దగ్గరికి వచ్చి బోర్డు చూశాను. నా అంకె పక్కన ఎర్ర గీత ఉంది.

చప్పుడు ఇంకా శుభ్రంగా రావాలని పాదాలు ఇంకా జాగ్రత్తగా వేశాను, అడుగు ఇంకా చాచాను. రోగం ఒకటైతే మందు ఇంకోటి వేస్తున్నానని నాకేం తెలుసు? డ్రమ్ము దగ్గర సారు మళ్ళీ తల ఊపారు. ఆయనకు పలకా కనపడదు, బోర్డూ కనపడదు. ఆయనకు వినపడేది మువ్వలే, అవి ఎప్పటికన్నా బాగా మోగుతున్నాయి. ఆ వీపు చూసి నాకు మొదటిసారి భయమేసింది. "సార్, ఇటు చూడండి" అని అరవాలనిపించింది. ఊపిరి చాల్లేదు. నాయిన అక్కడ లేడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన బోర్డు ముందు నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నా అంకె పక్కన ఇప్పుడు రెండు ఎర్ర గీతలు.

ఇంకొకటి పడితే అంతా అయిపోతుంది. నడక, శిబిరం, తెల్లవారుజాము, అన్నీ. ఏం తప్పు చేస్తున్నానో తెలిస్తే కదా మానుకోవడానికి. కళ్ళలో నీళ్ళు తిరిగి రోడ్డు మసకబారింది. నాయిన కర్ర వదిలేసి బండల మీదుగా అడ్డదారిలో డ్రమ్ము వైపు పరుగెత్తడం కనపడింది. మా నాయిన పరుగెత్తడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను డ్రమ్ముకు దగ్గరవుతుంటే ఆయన గొంతు వినపడింది. రొప్పుతున్నాడు.

"సార్, బిడ్డకు రెండు ఎర్రగీతలు వెట్టిండ్రు. ఏందది?"

"చప్పుడు చక్కగా ఉందండి. ఎందుకు పెట్టారో నాకూ..."

"చప్పుడు కాదు సార్. ఇటు తిరుగుండ్రి." నాయిన సారు రెండు భుజాలూ పట్టుకుని రోడ్డు వైపు తిప్పాడు. "సూడుండ్రి. సూసి చెప్పుండ్రి."

అన్ని నెలలూ నేర్పిన మనిషి నా నడక మొదటిసారి చూశారు. నేను ఆయన ముఖం చూశాను. ఒక్క క్షణంలో రంగు మారిపోయింది.

"మోకాలు! అయ్యో, కుడి మోకాలు వంగుతోంది! అడుగు మరీ చాస్తున్నావ్! పొట్టి చెయ్యమ్మాయ్, అడుగు పొట్టి చెయ్యి!"

పొట్టి చేశాను. మోకాలు బిగిసి నిలబడింది, నాకే తెలిసింది. ఆహా, ఇదా అనుకున్నాను. కానీ అడుగు తగ్గేసరికి వేగం తగ్గి, వెనక పిల్ల నన్ను దాటిపోయింది. మూడో స్థానం ఎందుకూ పనికిరాదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చేతులు గట్టిగా ఊపి, పొట్టి అడుగులే గబగబా వేశాను. మువ్వల చప్పుడు మారిపోయి, ఎవరో వేరే పిల్ల నడుస్తున్నట్టుగా ఉంది. పలక చూపించిన జడ్జి ముందు నుంచే వెళ్ళాను. అతను వంగి నా మోకాళ్ళు చూసి, పలక కిందికి దించాడు. ఆఖరి చుట్టు సగంలో ఆ పిల్లను అందుకుని, గేటు ముందు దాటేశాను. రెండో స్థానంలో గీత దాటాను.

నాయిన నన్ను పట్టుకుని పైకి ఎత్తేశాడు, నలుగురి ముందు, మడిచిన ప్యాంటుతోనే. అమ్మకు ఏం చెప్పాలో కూడా అనుకున్నాను, నీ గట్క గెలిచిందని.

అప్పుడు పెద్ద జడ్జి నా వైపు నడిచి వచ్చాడు. చేతిలో ఎర్ర పలక ఉంది.

"దాటింది గదా సార్! రెండో నంబర్ల వచ్చింది గదా!" నాయిన నా ముందుకు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ జడ్జి కోపగించుకోలేదు. "మూడో చీటీ ఇప్పుడే చేరిందండి. రెండు చుట్ల కింద, అవతలి కొసన ఉన్న జడ్జి రాశాడు. చేతికి వచ్చాక లెక్క పెట్టక తప్పదు."

"ఇప్పుడు సరిగ్గ నడిచింది గదా?"

"ఇప్పుడు సరిగ్గానే నడిచిందండి. చీటీ అంతకు ముందుది."

నాయిన పక్కకు జరిగాడు. సారు పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. "ఆఖరున బంగారంలా నడిచిందండి. నేనే కనుక ముందుగా చూసుంటే..." అని ఆగిపోయారు.

"మీరు సూడలేదు సార్. నేను సూడొద్దన్న" అన్నాడు నాయిన.

మోపెడ్ మీద ఇంటికి వచ్చేదాకా ఆయన వీపుకు తల ఆనించి ఏడ్చాను. ఆ రోజు సారు మీద గాని, జడ్జి మీద గాని నాకు కోపం రాలేదు. నాయిన మీద వచ్చింది, చెప్పలేనంత వచ్చింది. చూడొద్దన్నది తనేనని ఆయన నలుగురి ముందు ఒప్పుకోకపోయి ఉంటే ఆ కోపం ఇప్పటికీ ఉండేది.

మర్నాడు కావాలనే లేవలేదు. బంద్ అన్నాక లేచి ఏం చేయాలి? దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను. మోపెడ్ చప్పుడైంది, మళ్ళీ ఆగింది.

"లెవ్వు బిడ్డా. సార్ ఎదురుసూస్తుంటడు."

సారు నిజంగానే వచ్చి ఉన్నారు. అలవాటు కొద్దీ బండ మీద రోడ్డుకు వీపు తిప్పే కూర్చున్నారు. నాయిన పాల క్యాను దించి పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు. "గిటు కూసోండ్రి సార్" అని రోడ్డు అంచున ఉన్న రాతి మీద, ముఖం నా వైపు ఉండేలా కూర్చోబెట్టాడు. నేను వంగి ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడుచుకుని నడక మొదలుపెట్టాను.

అంతలో కంకర లారీ ఒకటి వచ్చింది. నన్ను చూసి వేగం తగ్గింది. డ్రైవర్ తల బయటికి వచ్చింది. నాయిన కర్ర తీసుకుని రోడ్డు మీదికి నడిచాడు. ఇక అరుపు వినక తప్పదని నేను తల దించుకున్నాను.

"ఏందిరా సూస్తున్నవ్?" అని గద్దించాడు నాయిన. కర్రతో నా కాళ్ళ వైపు చూపించాడు. "సూస్తె మోకాలు సూడు. వంగుతున్నదా లేదా చెప్పి పో."